లేని సంచీలో దుప్పటి

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఇరవైముగ్గురు ఆడవాళ్ళలో ఎవరికి అమూర్త ఆలోచన ఉందో, ఎవరికి లేదో తేల్చమని సిబ్బంది విభాగం తమ ఉద్యోగిని ఒకామెకి పని అప్పగించింది. ఆమె మనస్తత్వశాస్త్రం చదువుకున్న మనిషి. ముప్పై ఆరేళ్ళుంటాయి. ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క జోకు కూడా వెయ్యలేదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. ఆమెని అడిగితే రెండు వేశాననేది.

ఇది తేల్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, లాండ్రీకి కొత్త యంత్రం వస్తోంది. ఇన్నాళ్ళూ వార్డుల నుంచి వచ్చిన మురికిబట్టల సంచుల్ని బల్ల మీద గుమ్మరించి, దుప్పట్లు ఒకవైపు, తువ్వాళ్ళు ఒకవైపు, నెత్తురు మరకలున్నవి వేరే తొట్టిలోకి, చేతుల్తో ఏరి వేసేవారు. యంత్రం వచ్చాక సంచులు బెల్టు మీద కదులుతూ పోతాయి. సంచీకి కట్టిన గుర్తు తెర మీద కనిపిస్తుంది. దాన్నిబట్టి లోపల ఏముందో ఊహించి మీట నొక్కాలి. విప్పి చూసే పని లేదు. అందుకని అమూర్త ఆలోచన ఉన్నవాళ్ళని యంత్రం దగ్గర పెట్టి, లేనివాళ్ళని ట్రాలీలు తొయ్యడానికి పంపాలని పైవాళ్ళు నిర్ణయించారు. నిండిన ట్రాలీ ఇద్దరు మనుషులంత బరువుంటుంది. లాండ్రీ నుంచి లిఫ్టు దాకా దారి ఎగువ. నిర్ణయంలో ఈ సంగతి రాయలేదు.

లాండ్రీ పక్కన చిరిగిన దుప్పట్లు పడేసే గది ఒకటుంది. ఉద్యోగిని అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించుకుని, తలుపు మీద ‘అమూర్త ఆలోచన పరీక్ష’ అని కాగితం అంటించింది. ఇస్త్రీ రోలర్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఆ కాగితం చుట్టూ మూగారు.

“అమూర్తం అంటే ఏంటే?”

“మూర్తి లేకపోవడం.”

“మూర్తి ఎవరు? మన దగ్గర ఎప్పుడూ పనిచెయ్యలేదే.”

“అందుకేగా లేడన్నారు.”

పరీక్షలో నాలుగు భాగాలు. మొదటి మూడింట్లో ఎలా చేసినా, నాలుగో భాగంలో తప్పితే మొత్తం తప్పినట్టే, ఎందుకంటే యంత్రానికి కావలసింది అదే. ఆ నాలుగో భాగంలో ఉదాహరణలు ఎదుటిమనిషి సొంత పనిలోంచే తీసుకోవాలని సూచనల పుస్తకంలో ఉంది. తెలియని విషయం అడిగి తికమకపెట్టకూడదని పుస్తకం రాసినవాళ్ళ ఉద్దేశం. ఉద్యోగిని ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ప్రతి ప్రశ్నకీ ముందు “అనుకోండి”, “ఒకవేళ” అని చేర్చేది. రెండోరోజు మధ్యాహ్నానికల్లా లాండ్రీ అంతా ఆమెని ‘అనుకోండమ్మ’ అనడం మొదలుపెట్టింది. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. తప్పేమీ కనిపించక ఊరుకుంది.

మూడోరోజు కాటా పిన్ని వంతు వచ్చింది.

కాటా పిన్నికి యాభై నాలుగేళ్ళు. బట్టలు ఏరే బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడుతోంది. ఉతికే యంత్రంలో బరువు ఎక్కువైతే మోటారు కాలుతుంది, తక్కువైతే నీళ్ళు దండగ. ఆవిడ మూటని ఒక్కసారి చేత్తో ఎత్తి ఎంత బరువుందో చెప్పేస్తుంది. అందుకే ఆ పేరు. వయసులో చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఆఖరికి యంత్రాలు బాగుచేసే మెకానిక్కు కూడా ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు. మోకాళ్ళ నొప్పి వల్ల కుర్చీలో కూర్చోవడానికి ఆవిడకి రెండు నిమిషాలు పట్టింది.

“దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు, కిటికీ తెర. వీటిలో ఏది మిగతావాటితో కలవదు?” అని అనుకోండమ్మ అడిగింది.

“తువ్వాలు.”

అనుకోండమ్మ సమాధానాల కాగితం చూసింది. కిటికీ తెర అని ఉంది. “ఎందుకని?”

“దాన్ని ఇస్త్రీ చెయ్యరమ్మా. మిగతా మూడూ రోలర్‌లోకి వెళ్తాయి.”

అనుకోండమ్మ తప్పు వేసింది.

“నిండుకుండ తొణకదు అంటారు. దానర్థం ఏంటి?”

“ఎవరన్నారు?”

“సామెత.”

“మోసినవాళ్ళు అని ఉండరు. నిండా పోస్తే రెండడుగులు వెయ్యకుండానే కాళ్ళ మీద పడుతుంది. ముప్పావు వంతు పొయ్యాలి, అప్పుడు తొణకదు.”

రెండో తప్పు పడింది. మూడో భాగం కూడా ముగించి నాలుగో భాగానికి వచ్చారు.

“పిల్లల వార్డు దుప్పట్లన్నీ పసుపుపచ్చవి. ఒక సంచీలో పిల్లల వార్డు దుప్పటి ఉంది. అది ఏ రంగుది?”

“విప్పి చూస్తాను.”

“విప్పకుండా చెప్పాలి.”

“విప్పకుండా ఎందుకమ్మా? సంచీ ఎక్కడుంది?”

“సంచీ ఇక్కడ లేదు. ఉందనుకోండి.”

“పిల్లల వార్డు వాళ్ళకి దుప్పట్లు చాలకపోతే పక్క వార్డువి ఎత్తుకుపోతారు. పోయిన గురువారం నీలంవి వచ్చాయి. చూడకుండా రంగు చెప్పి, తీరా వేరేదైతే ఎవరిది తప్పు?”

“ఎవరిదీ కాదు. అనుకుంటున్నాం, అంతే.”

“లేని సంచీలో దుప్పటి ఏ రంగుదైతే నాకేంటమ్మా?” అంది కాటా పిన్ని. విసుగుతో కాదు, నిజంగా తెలుసుకుందామనే.

అనుకోండమ్మ ఆ మాటని పొల్లు పోకుండా రాసుకుంది. పక్కన సున్నా వేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, వంటింట్లో బిందెని అంచుదాకా నింపి, ఎత్తుకుని నాలుగడుగులు వేసింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ముప్పావు నింపి మళ్ళీ నడిచింది. పడలేదు. నేల తుడుస్తుండగా భర్త వచ్చాడు. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏం జరిగిందని అడిగాడు.

“నిండుకుండ తొణుకుతోందండీ” అంది.

ఆయన సరేనని చెప్పులు విప్పుకున్నాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది కాబట్టి అంతకంటే ఎక్కువ అడగలేదు.

శుక్రవారం ఫలితాలు వచ్చాయి. ఇరవైముగ్గురిలో పద్నాలుగుమంది పాసయ్యారు, తొమ్మిదిమంది తప్పారు. ఎవరి చీటీ వాళ్ళకిచ్చారు. కాటా పిన్ని చీటీలో ‘అమూర్త ఆలోచన: లేదు’ అని రాసి ఉంది. ఆవిడ దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. సోమవారం పొద్దున్న అనుమతి తీసుకుని, మూడంతస్తులు మెట్లెక్కి, సిబ్బంది విభాగానికి వచ్చింది. లిఫ్టు ఎక్కొచ్చుగా అని ఎవరో అంటే, లిఫ్టు బట్టలకని చెప్పింది.

ఆవిణ్ణి చూడగానే అనుకోండమ్మ గొడవ పెట్టుకోవడానికి వచ్చిందనుకుని సూచనల పుస్తకం దగ్గరికి లాక్కుంది. కాటా పిన్ని గొడవ పెట్టుకోలేదు.

“అమ్మా, నాకు లేదని రాశారు కదా. అదేంటో చెప్పండి. ఎక్కడైనా నేర్పుతారా?”

అనుకోండమ్మకి ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. “ఎదురుగా లేనిదాని గురించి ఆలోచించడం” అంది.

“ఎదురుగా లేనిదాని గురించా?” కాటా పిన్ని ఆశ్చర్యపోయింది. “ఎదురుగా ఉన్నదాని గురించి ఆలోచించేదేముంది, చూస్తే సరిపోతుంది. పోయినోళ్ళ గురించి, రేపటి గురించి, నా కూతురు అత్తగారి గురించి, వాటి గురించేగా ఆలోచించేది. అందులో ఒక్కటీ ఎదురుగా ఉండదు.”

“అది వేరు.”

“ఎలా వేరు?”

అనుకోండమ్మ సూచనల పుస్తకం తిరగేసింది. అందులో లేదు. చదువుకున్నప్పుడు ఆమె గురువు ఒకాయన, మనుషులు రెండు రకాలని, అమూర్తంగా ఆలోచించగలిగేవాళ్ళు ఒక రకమని, ఉన్నదాన్ని మాత్రమే పట్టుకుని వేలాడేవాళ్ళు ఇంకో రకమని బల్ల గుద్ది చెప్పేవాడు. ఆ రెండు రకాల మధ్య గీత ఎక్కడుందో అప్పట్లో ఆమె అడగలేదు. అడిగితే తను ఏ రకమో తేలిపోతుందని భయపడింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నావిడ అదే అడుగుతోంది. “నేనే కిందికొస్తాను. మధ్యాహ్నం మాట్లాడదాం” అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లాండ్రీ వాళ్ళు బట్టలు మడిచే బల్ల మీద పేకాడతారు. ఓడినవాళ్ళు అందరి గ్లాసులూ కడగాలి, పందెం అంతే. ఉతికే యంత్రాలు ఆగి ఉన్నా గదంతా ఆవిరి పట్టే ఉంది. అనుకోండమ్మ వెళ్ళేసరికి ఆట నడుస్తోంది. కాటా పిన్ని పేక కలిపి, తలా పదమూడు ముక్కలు పంచి, మిగిలిన కట్టలోంచి ఒక ముక్క తీసి వెల్లకిలా పెట్టింది. ఏడు వచ్చింది.

“ఈ ఆటకి ఏడు జోకరు” అంది.

అనుకోండమ్మకి పేకాట రాదు. “ఏడు జోకరు ఎందుకయింది?”

“అయిందనుకుంటాం” అని మిగతావాళ్ళు ఒక్కగొంతుతో అన్నారు.

“పోయిన ఆటలో?”

“పోయిన ఆటలో రాణి. అప్పుడు ఏడు ఒట్టి ఏడే.”

“జోకరంటే?”

“ఏ ముక్క లేకపోతే ఆ ముక్క అనుకోవచ్చు. తొమ్మిది లేకపోతే ఈ ఏడే తొమ్మిది.”

“కాని అది ఏడు.”

“ఏడేనమ్మా. ఎవరు కాదన్నారు?” అంది ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసే ఒకావిడ. ఆవిడా తొమ్మిదిమందిలో ఒకర్తె.

ఆ మాట అంటుండగానే కాటా పిన్ని చేతిలో ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టేసింది. “ఆగండాగండి. మీరు అనుకోండి అన్నది ఈ అనుకోవడమేనా?”

“ఏది?”

“పిల్లల వార్డు దుప్పట్లన్నీ పసుపన్నారే. అది జోకరా? నిజంగా పసుపా కాదా అని చూడక్కర్లేదు, ఈ ఆటకి పసుపు. అంతేనా?”

“అంతే” అంది అనుకోండమ్మ.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆట అని ముందే చెప్పొచ్చుగా! ఆసుపత్రి కాగితం, ఆసుపత్రి కలం, మా దుప్పట్ల మాట, ఇది పని అనుకున్నాం. పనిలో చూడకుండా చెప్తే ఊరుకుంటారా? రాసుకోండి, పసుపు. తర్వాతది అడగండి.”

అనుకోండమ్మ సంచీలోంచి కాగితాలు తీసింది. నాలుగో భాగంలో మిగిలిన ప్రశ్నలు వరసగా అడిగింది. కాటా పిన్ని ముక్కలు సర్దుకుంటూనే అన్నిటికీ సమాధానం చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. పదో ప్రశ్నలో పుస్తకం వాళ్ళదే పొరపాటని, వాళ్ళు చెప్పిన రెండు మాటలూ నిజమైతే మూడోది కుదరదని కూడా చెప్పింది. అనుకోండమ్మ మూడుసార్లు చదువుకుని చూసింది. నిజంగానే కుదరదు. ఆరేళ్ళుగా ఆ పుస్తకం వాడుతోంది.

తర్వాత కాటా పిన్ని తనే మిగతా ఎనిమిదిమందికీ నచ్చజెప్పింది. “ఇది జోకరు ప్రశ్న” అనేది, అంతే. ఏడుగురు గడగడా చెప్పేశారు. ఒక్కావిడ మాత్రం చెప్పలేదు. మనిషి చాలా తక్కువ మాట్లాడుతుంది కాబట్టి ఆవిణ్ణి మూగనోమక్క అనేవారు. ఆవిడ ఎన్నిసార్లు అడిగినా “సంచీ విప్పి చూస్తాను” అనే అంది.

“అక్కా, జోకరే. సంచీ లేనేలేదు” అని కాటా పిన్ని నచ్చజెప్పబోయింది.

“తెలుసు” అంది మూగనోమక్క. “ఎనిమిదేళ్ళ కింద సంచీ మీద ‘దిండు గలీబులు’ అని రాసుంది. అవే అనుకుని చెయ్యి పెట్టాను. సూది గుచ్చుకుంది. ఎవరికి వాడిందో తెలీదు. ఆర్నెల్లు నెత్తురు పరీక్షలు చేశారు. ఆర్నెల్లు మా పాపని దగ్గర పడుకోబెట్టుకోలేదు. ఏమీ లేదని తేలింది. మీరేమైనా అనుకోండి, నేను అనుకోను.”

బల్ల కింద ఎవరో చెప్పు సవరించుకున్న చప్పుడయింది. అనుకోండమ్మ కాగితంలో ‘సరైనది’, ‘తప్పు’ అని రెండే గళ్ళున్నాయి. ఆమె కలం పట్టుకుని రెండిటికేసీ చూసి, పక్కన ఖాళీలో ఆవిడ మాటలు మొత్తం రాసుకుంది. ఖాళీ చాలక కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

రాత కట్టిపెట్టి ఇంటికెళ్ళాక భర్తకి ఇదంతా చెప్పింది. ఆయన ఎవరిదో కళ్ళజోడుకి మర బిగిస్తూ విన్నాడు.

“మా దగ్గర గోడ మీద అక్షరాల అట్ట ఉంటుందిగా. చదువు రానివాళ్ళు వస్తే ఒక్క అక్షరమూ చెప్పరు. చూపు లేదని రాస్తామా? వాళ్ళకి వేరే అట్ట ఉంటుంది. మూడు పళ్ళ దువ్వెనలాంటి బొమ్మలుంటాయి, పళ్ళు ఎటువైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు.”

“మీరెప్పుడూ చెప్పలేదే.”

“నువ్వెప్పుడు అడిగావు?”

మర్నాడు ఆమె సిబ్బంది విభాగం పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయనకి యాభై ఏడేళ్ళు. రోజుకి రెండొందల కాగితాల మీద సంతకాలు పెడతాడని, అందులో కొన్ని చదువుతాడని పేరు. ఆమె విషయం చెప్పి, తొమ్మిదిమందికీ మళ్ళీ పరీక్ష పెట్టాలని అడిగింది.

“నిబంధన చదివావా? ఒక మనిషికి ఒకసారే పరీక్ష. రెండోసారి పెడితే అందరూ పాసవుతారు, ఇంక పరీక్ష ఎందుకు?”

“అందరికీ ఆ ఆలోచన ఉందేమోనని అనుమానంగా ఉంది సార్. అడగడం మనకి రాలేదేమో.”

“అందరికీ ఎలా ఉంటుందమ్మా? ఏవో దుప్పట్ల ప్రశ్నలు, చిన్నపిల్లలైనా చెప్తారు. అవి చెప్పలేకపోయారంటే ఇంకేమనాలి?”

“మీరు ఒకసారి చెప్పి చూస్తారా సార్? పోల్చుకోవడానికి పనికొస్తుంది.”

“అడుగు” అన్నాడు పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి.

కిటికీ తెర అని ఠక్కున చెప్పాడు. నిండుకుండకి అర్థం చెప్పి, పనిలో పనిగా తన గురించి రెండు ఉదాహరణలిచ్చాడు. మూడో భాగంలో ఒక్కటీ తప్పలేదు. నాలుగో భాగం వచ్చేసరికి, ఉదాహరణ ఎదుటిమనిషి సొంత పనిలోంచి తీసుకోవాలి కాబట్టి, అనుకోండమ్మ ఒక్క క్షణం ఆలోచించి మొదలుపెట్టింది.

“ఈ ఆఫీసులో పొరపాటున్న ఉత్తర్వులన్నీ రద్దవుతాయి. ఒక ఫైల్లో మీరు సంతకం పెట్టిన ఉత్తర్వుంది. దాన్లో పొరపాటుంది. ఆ ఉత్తర్వు ఏమవుతుంది?”

“ఏ ఫైలు?”

“ఒక ఫైలు సార్.”

“ముందు ఫైలు తెప్పించు. చూస్తాను.”

“చూడకుండా చెప్పాలి సార్.”

“చూడకుండా ఎవడు చెప్తాడు? నా సంతకం ఉందంటున్నావు. నా దగ్గరనుంచి పొరపాటున్న ఉత్తర్వు వెళ్ళదు.”

“వెళ్ళిందనుకోండి.”

“ఎందుకనుకోవాలి? వెళ్ళలేదుగా.”

“ఒకవేళ...”

“ఒకవేళ లేదు, రెండు వేళలు లేవు. ఏ ఫైలో చెప్పు, లేకపోతే లేదు. ఎవరైనా ఏమైనా అన్నారా నా గురించి?”

అనుకోండమ్మ ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ ఆయన ఫైలు చూపించమన్నాడు. ఆమె మాట పొల్లు పోకుండా రాసుకుని, థాంక్స్ చెప్పి వచ్చేసింది.

తన బల్ల దగ్గర కూర్చుని సూచనల పుస్తకం తెరిచింది. ప్రశ్నలు అడిగిన ప్రతి మనిషి పేరూ, సమాధానాలూ, ఫలితమూ నివేదికలో విధిగా చేర్చాలి, ఎవరినీ వదిలిపెట్టకూడదు అని మొదటి పేజీలోనే ఉంది. ఒక మనిషికి ఒకసారే పరీక్ష అన్న నిబంధన దాని కిందే ఉంది. ఆమె అరపూట ఆలోచించింది. ఆమెకి పెద్దాయన మీద కోపమూ లేదు, వేళాకోళం చేద్దామన్న ఉద్దేశమూ లేదు. ఒక నిబంధన పాటించి ఇంకోటి వదిలెయ్యడానికి కారణం దొరకలేదు, అంతే. పట్టికలో ఇరవై నాలుగో వరస చేర్చింది. పేరూ, సిబ్బంది నంబరూ రాసింది. నాలుగో భాగం: తప్పారు. సిఫార్సు: ట్రాలీ విభాగం. మిగతా తొమ్మిదిమందికీ ఇదే రాసింది కాబట్టి ఈయనకీ అదే రాసింది. రెండోసారి అడిగినప్పుడు లాండ్రీ వాళ్ళు చెప్పిన సమాధానాలూ, మూగనోమక్క మాటలూ అనుబంధంగా జతచేసింది.

నలభై పేజీల నివేదిక. పెద్దాయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, ఆఖరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు.

ఆ రెండు మూడు రోజులూ ఆమెకి అన్నం సయించలేదు. ఓ పొద్దున్న కాఫీ ఇస్తూ భర్త, “ఒకవేళ నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారనుకో...” అని మొదలుపెట్టాడు.

“పొద్దున్నే అవేం మాటలండీ! నోటి వెంట రాకూడదు” అని ఆమె ఆయన మాట తుంచేసింది. బస్సులో కూర్చున్నాక, తనకి తను సున్నా వేసుకుంది.

గురువారం ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వులు తయారుచేసే గుమాస్తా పట్టికలో ‘తప్పారు’ అని ఉన్న నంబర్లన్నీ ఏరి, పదిమందినీ వచ్చే సోమవారం పొద్దున్న ఆరింటికి ట్రాలీ విభాగంలో హాజరుకావాలని ఒకే కాగితం మీద అచ్చువేశాడు. కింద పెద్దాయన సంతకం, ముద్ర. తొమ్మిది నకళ్ళు లాండ్రీకి వెళ్ళాయి. పదోది పై అంతస్తుకి వచ్చింది. దాంతోపాటు ట్రాలీ విభాగం మేస్త్రీ ఫోన్ చేసి, పదో మనిషికి బూట్ల సైజెంతో కనుక్కున్నాడు.

పెద్దాయన అనుకోండమ్మని పిలిపించాడు. ఆమె వెళ్ళేసరికి బల్ల మీద నివేదిక విప్పి ఉంది. ఆయన ఇప్పుడు దాన్ని మొత్తం చదివాడని చూడగానే తెలుస్తోంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“ఇదేంటి?”

“నివేదిక సార్.”

“నేను పరీక్ష రాశానని నీకెవరు చెప్పారు?”

“మీరే అడగమన్నారు సార్. అడిగినవాళ్ళని వదిలిపెట్టకూడదని నిబంధన.”

“నేను కోపంలో ఏదో అన్నాను. ఆఫీసు విషయం అడిగితే ఎవరైనా జాగ్రత్తగానే మాట్లాడతారు. దాన్నిబట్టి నాకు బుర్ర లేదంటావా?”

“అనను సార్. వాళ్ళకి కూడా అది ఆఫీసు విషయమే.”

పెద్దాయన కాగితాల్లో వెనక్కి వెళ్ళాడు. మూగనోమక్క పేజీ దగ్గర ఆగాడు. అది అంతకుముందే చదివినట్టున్నాడు, ఆ పేజీ మూల మడిచి ఉంది. కింద వీధిలో ఏదో బండి వెనక్కి వస్తూ కీచుకీచుమంటోంది. అది ఆగేదాకా ఆగాడు.

“సూది సంగతి నాకెందుకు తెలీదు?”

“మీకు ఎనిమిదేళ్ళ కిందటే కాగితం వచ్చింది సార్. మీ సంతకం ఉంది.”

ఆమెని పనిలోంచి తీసెయ్యడానికి ఆయనకి అధికారం ఉంది. కాని తీసెయ్యాలంటే కారణం రాయాలి, కారణం రాయాలంటే ఇరవై నాలుగో వరస పైవాళ్ళకి చూపించాలి. ఇక తన ఒక్కడి పేరూ కొట్టేద్దామంటే ఉత్తర్వు పదిమందికీ కలిపి ఒకటే. కొంత కొట్టి కొంత ఉంచడానికి పద్ధతి లేదు. గుమాస్తాని పిలిచి అడిగాడు. మొత్తం రద్దు చెయ్యొచ్చని, దానికి మాత్రం కారణం తమరి చేత్తోనే రాయాలని గుమాస్తా చెప్పాడు.

పెద్దాయన కలం తీసి, ఉత్తర్వు మీద అడ్డంగా ‘పొరపాటున్నందున రద్దు’ అని రాసి సంతకం పెట్టాడు. సమాధానం సరైనదేనని, కాకపోతే ఆలస్యంగా వచ్చిందని అనుకోండమ్మ గమనించింది. పైకి అనలేదు. ఒకసారే పరీక్ష కాబట్టి పట్టికలో కూడా మార్చలేదు.

యంత్రం వచ్చింది. ఇరవైముగ్గురికీ నేర్పారు. ఇరవైమంది నేర్చుకున్నారు. నేర్చుకోలేని ముగ్గురిలో ఇద్దరు పరీక్షలో పాసైనవాళ్ళు. ఒకావిడకి పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చాయి, కాని కదిలే బెల్టు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని ఇస్త్రీకి వెళ్ళిపోయింది. కాటా పిన్ని తెర ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆవిడకి కూర్చుని చేసే పని దొరికింది. మొదటి వారం మొత్తం గుర్తుల్ని తిడుతూనే ఉంది. రెండోవారం, పన్నెండో గుర్తూ పదిహేడో గుర్తూ ఒకేలా ఉన్నాయని, ఒకదాని రంగు మార్చమని కాగితం రాయించి పంపింది. మార్చారు.

మూగనోమక్కని బెల్టు మొదట్లో నిలబెట్టారు. మందపాటి చేతితొడుగులిచ్చి, అనుమానం వచ్చిన సంచీ విప్పి చూడొచ్చని చెప్పారు. ఈ పని యంత్రం తయారుచేసినవాళ్ళ పుస్తకంలో లేదు. పెద్దాయన రాయించాడు, రాసింది చదివి మరీ సంతకం పెట్టాడు. మొదటి నెలలో ఆవిడ నాలుగుసార్లు బెల్టు ఆపింది. రెండుసార్లు ఏమీ లేదు. రెండుసార్లు ఉంది.

మనుషులు రెండు రకాలా కాదా అన్నది అనుకోండమ్మకి తేలలేదు. ఉన్న శక్తిని ఎవరు ఎప్పుడు బయటికి తీస్తారో, ఎప్పుడు తియ్యకూడదనుకుంటారో మాత్రం ఒక పరీక్షతో తేలదని గురువుగారికి ఉత్తరం రాసింది. ఆయన జవాబివ్వలేదు. ఆయన రిటైరైపోయి ఉండొచ్చని ఆమె అనుకుంది.

పరీక్షల పని ఆమె దగ్గరనుంచి తీసేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు, బదిలీ అన్నారు. ఆసుపత్రి నడవల్లో దారి చూపించే బోర్డుల పని అప్పగించారు. ఎక్స్‌రే గది ఎటు, మందులిచ్చే కిటికీ ఎటు, ఇలాంటివి. ఆమె కుర్చీ తెచ్చుకుని ప్రతి బోర్డు కిందా ఒక పూట కూర్చునేది. వచ్చేపోయేవాళ్ళని, ఈ బోర్డు మీకేం చెప్తోందని అడిగి రాసుకునేది. ఈసారి గళ్ళు లేని తెల్లకాగితం తెచ్చుకుంది.

రెండో నడవలో ‘కళ్ళ విభాగం’ అని రాసి పైకి బాణం గుర్తు వేసిన బోర్డుంది. నేరుగా ముందుకు వెళ్ళమని దానర్థం. ఒక ముసలాయన వచ్చి, దాన్ని చూసి, పక్కనున్న మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆమె లేచి వెనకే వెళ్ళింది.

“తాతగారూ, కళ్ళ విభాగానికేనా?”

“అవునమ్మా.”

“అది ఈ అంతస్తులోనే ఉందండీ, తిన్నగా వెళ్ళాలి.”

“పైకి చూపిస్తోందిగా మరి. పైకి చూపిస్తే పైకే కదా వెళ్తాం?”

ఆమె వెనక్కొచ్చి బోర్డు కింద నిలబడి తల ఎత్తి చూసింది. బాణం నిజంగానే పైకప్పుని చూపిస్తోంది. పన్నెండేళ్ళుగా ఆ బోర్డు అక్కడే ఉందని, రోజూ పదిమందైనా పైకెళ్ళి కిందికి దిగుతారని మెట్ల దగ్గర నేల తుడిచే ఆవిడ చెప్పింది. ఎవరికైనా చెప్పారా అంటే, ఎవరూ అడగలేదంది.

వారం తిరక్కుండా ఆ బాణం తీయించి, ‘తిన్నగా వెళ్ళండి, నాలుగో తలుపు’ అని రాయించింది. తర్వాత రెండు వారాలపాటు అక్కడే కూర్చుని చూసింది. బోర్డు చదివి మెట్లెక్కినవాడు ఒక్కడే కనిపించాడు. ఆమె పరుగున వెళ్ళి, బోర్డు మీకేం అర్థమైంది, పైకెందుకు వెళ్తున్నారని అడిగింది.

పైన తన తమ్ముడున్నాడని, బోర్డు ఊరికే చదివానని అతను చెప్పాడు. ఆమె అది కూడా రాసుకుంది.